కుమారి రూపాబాయి ఫర్దూన్‌జీ

శస్త్రచికిత్స జరుగు గదియందు ఇరువురు వైద్యులు ముఖ్యులు. ఒకరు కత్తి పట్టినవారు. వారి పేరును రోగియు, రోగి బంధువులును జీవితాంతము తలంచుకొందురు. రెండవవారు రోగి తలాపున కూర్చుండి అతని యూపిరిని కనిపెట్టుచుందురు. వారి పేరు రోగి యెరుగడు. ఎరుగుటకు వీలును లేదు. ఏలన, వారు పని చేయునంతసేపును అతడు ఒడలెరుగని నిద్రలో నుండును. మన హైదరాబాదు నగరమున 1889 మొదలు 1917 వరకు ఆ రెండవ స్థానమున కూర్చుండి పని చేసిన స్త్రీ యొకతె కలదు. ఆమెయే కుమారి రూపాబాయి ఫర్దూన్‌జీ. వైద్యవిద్య నభ్యసించి, మత్తు నిచ్చుటనే వృత్తిగా గైకొన్న స్త్రీలలో ప్రపంచమునందే ఆమె మొదటిదని వైద్యచరిత్రకారులు చెప్పుచున్నారు. నల్లకుంట నుండి కాచిగూడ మీదుగా సుల్తానుబజారునకు పోవువారు ఆమె పనిచేసిన చోటును దినదినమును దాటిపోవుచునే యున్నారు.

నొప్పి తెలియకుండ కోత కోయవలెనను తలంపు మన దేశమునకు క్రొత్తది కాదు. శస్త్రకర్మకు ముందు రోగికి మద్యము త్రాగింపవలెనని సుశ్రుతుడు విధించెను. భోజప్రబంధమున నొక కథ కలదు. భోజరాజునకు తలనొప్పి దుర్భరమైనప్పుడు వైద్యులిద్దరు మోహచూర్ణముతో అతనిని నిద్రపుచ్చి, కపాలమును తెరచి చికిత్స చేసి, మరల మేలుకొలిపిరట. కథ కథయే కాని, నిద్రపుచ్చుటకంటె మేలుకొలుపుటయే గొప్పపనియని ఆ కథ చెప్పినవాడు గ్రహించినట్లున్నది. తరువాత వచ్చిన క్లోరోఫారము చరిత్రయంతయు ఆ మేలుకొలుపు చుట్టునే తిరిగినది.

1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరమున మోర్టన్ అనునతడు ఈథరు ఆవిరి పీల్పించి రోగికి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేయింపవచ్చునని బహిరంగముగా నిరూపించెను. మరుసటి సంవత్సరము నవంబరులో స్కాట్లండులోని ఎడింబరోయందు సింప్సన్ అను ప్రసూతి వైద్యుడు క్లోరోఫారమును వెలుగులోనికి తెచ్చెను. క్లోరోఫారము వాసనకు తీయన. కొద్ది చుక్కలతో పని జరుగును. ఈథరు వలె నిప్పంటుకొనదు. మన దేశమునకు అది అనుకూలించుటకు మరియొక కారణము కలదు. ఈథరు 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికే మరిగిపోవును. హైదరాబాదు ఎండకాలములో మధ్యాహ్నపు వేడిమి 40 డిగ్రీలు దాటుట సాధారణమే గదా. అట్టి చోట ఈథరు సీసాను తెరచిపెట్టిన నది గాలిలో కలసిపోవుటకెంతో సేపు పట్టదు. క్లోరోఫారము మరుగుటకు సుమారు 61 డిగ్రీలు కావలెను. కావున ఉష్ణదేశములలోని వైద్యులు క్లోరోఫారమునే నమ్ముకొనిరి.

అయితే ఆ తీయని వాసన వెనుక మృత్యువు పొంచియుండెను. 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలివ్రేలి గోరు తీయించుకొనుటకు వచ్చి, క్లోరోఫారము పీల్చి, కొద్ది నిమిషములలో ప్రాణము విడిచెను. గోరు తీయుటకు వచ్చి ప్రాణము పోగొట్టుకొనుట! అది మొదలు వైద్యలోకము రెండు పక్షములుగా చీలెను. క్లోరోఫారము గుండెను స్తంభింపజేసి చంపునని ఒక పక్షము వాదించెను. లండనులోని జాన్ స్నో మొదలగువారు ఆ పక్షమువారు. కాదు, ముందు ఆగునది ఊపిరి, గుండె తరువాతనే ఆగును, కనుక నాడి పట్టుకొని కూర్చుండుట వ్యర్థము, ఊపిరినే చూడవలెనని రెండవ పక్షము వాదించెను. ఇది ఎడింబరో శస్త్రవైద్యుడు సైమ్ మతము. ఆ సైమ్ శిష్యుడే ఎడ్వర్డ్ లారీ. ఈ వాదము ఎడింబరోనుండి మూసీ యొడ్డునకు వచ్చి చేరుటకు లారీయే కారణము.

హైదరాబాదు వైద్య పాఠశాల 1846లో నాసిరుద్దౌలా నిజాము కాలమున నెలకొన్నది. తరువాతి ఉస్మానియా వైద్యకళాశాలకు అదియే మాతృక. అందు తొలుత బోధన ఉర్దూభాషలో జరిగెను. ఉత్తీర్ణులకు హకీము అను బిరుద మిచ్చెడివారు. 1885లో లారీ బ్రిటిషు రెసిడెన్సీ వైద్యుడై వచ్చి పాఠశాలకును అధిపతి యయ్యెను. అతని కాలముననే బోధన ఆంగ్లమునకు మారెను; స్త్రీలకు తలుపులు తెరువబడినవి. అంతకు పదేండ్ల ముందు, 1875లో, మద్రాసు వైద్యకళాశాల నలుగురు స్త్రీలను చేర్చుకొని యుండెను. అయినను అంతఃపురములును, పరదాలును గల నిజాము రాజధానిలో ఆడపిల్లను మగవారి నడుమ కూర్చుండబెట్టి శవచ్ఛేదము నేర్పుట యనగా సామాన్యమైన సాహసము కాదు.

1885లో ఆ పాఠశాలయందు అయిదుగురు స్త్రీలు చేరిరి. వారిలో రూపాబాయి ఒకతె. ఆమె పారసీ కుటుంబమునందు జన్మించినది. హైదరాబాదు, సికింద్రాబాదులలో పారసీలు సంఖ్యకు కొద్దివారే యైనను, వడ్డీవ్యాపారమునను, ప్రత్తి వర్తకమునను, నిజాము కొలువులోను పేరుబడిన వారు. పరదా పాటింపని వారగుటచేతను, ఆడపిల్లల చదువును తప్పుగా నెంచని వారగుటచేతను ఇట్టి పనికి ముందడుగు వేయుట వారికి కొంత సులభమయ్యెననుట నిజమే. కాని పారసీ యిండ్లలోని ఆడపిల్లలందరును వైద్య పాఠశాలకు పోలేదు గదా. పోయిన పిల్ల ధైర్యమును ఆమె ఖాతాలోనే జమకట్టవలెను.

ఆమె చదువుకొనిన నాలుగేండ్లును ఆ పాఠశాల చరిత్రలో మిగుల ప్రసిద్ధములైనవి. క్లోరోఫారము చంపునది గుండె ద్వారమునా, ఊపిరి ద్వారమునా యను వివాదమును తేల్చుటకు లారీ పూనుకొనెను. నిజాము మహబూబ్ అలీఖాను ధనసహాయము చేసెను. 1888లో మొదటి క్లోరోఫారము సంఘము కూర్చుండి, ఊపిరియే ముందాగునని తేల్చెను. ఇంగ్లండులోని లాన్సెట్ అను వైద్యపత్రిక ఈ నిర్ణయమును శంకించెను. అంతట నిజాము ప్రభుత్వము వేయి పౌనులిచ్చి, మీరు నమ్మిన శాస్త్రజ్ఞుని మీరే యెన్నుకొని పంపుడని ఆ పత్రికను కోరెను. ఒక దేశీయ సంస్థానము లండను పండితులను తన ఖర్చుతో పిలిపించి పరీక్ష చేసికొండని యడుగుట ఆ దినములలో వింతయే! పత్రికవారు లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుని పంపిరి. అతడు గుండె పక్షమునకు చెందినవాడు. 1889 చివర రెండవ సంఘము పని చేసెను. అందు రుస్తుంజీ అను స్థానిక పారసీ వైద్యుడును సభ్యుడు. నాలుగు వందలకు పైగా కుక్కల మీదను, తక్కిన జంతువుల మీదను ప్రయోగములు జరిగినవి. ఆ మూగప్రాణుల బలి తలంచుకొన్న మనస్సు కలగును. బ్రంటన్ కన్నులార చూచి, తన పూర్వాభిప్రాయమును విడిచి, ఊపిరియే ముందాగునని లండనునకు తంతి పంపెను. హైదరాబాదు పేరు ప్రపంచ వైద్యపత్రికలన్నిటను ప్రాకెను.

అదే 1889లో రూపాబాయి హకీము పట్టమును పొందెను. అనగా లోకమంతయు తమ పాఠశాలవైపు చూచుచు, క్లోరోఫారము ఎట్లీయవలెనో హైదరాబాదువారి నడుగుచున్న సంవత్సరమున ఆమె చదువు ముగించి పనిలో చేరెను. ప్రసూతి వైద్యమునకో, స్త్రీల వ్యాధులకో పోక, నాటి వైద్యులలో పెక్కురు చిన్నచూపు చూచెడి మత్తు నిచ్చు పనిని ఆమె చేపట్టెను. ఇంగ్లండు చికిత్సాలయములలోనే యా పనిని ఎవరో విద్యార్థికి అప్పగించుట పరిపాటిగా నుండిన రోజులవి.

ఆ పని యెట్టిదో కొంత వివరింపవలెను. కోసుగా చుట్టిన గుడ్డలో దూదియుంచి, దానిపై క్లోరోఫారము చుక్కలు వేసి, రోగి ముక్కునకు నోటికిని కొంచెము ఎడముగా పట్టుకొనవలెను. గాలి కలియకుండ మూసివేసిన ప్రమాదము. ముందు రోగి ఏవేవో మాటలాడును, పిదప కాలుసేతులు కొట్టుకొనును, ఊపిరి బిగబట్టును. అనుభవము లేనివారు ఆ పెనుగులాట చూచి తొందరపడి మందెక్కువ పోయుదురు. బిగబట్టిన యూపిరిని రోగి ఒక్కసారి వదలి లోనికి దీర్ఘముగా పీల్చునపుడు ఆ మందంతయు ఒక్క పెట్టున లోపలికి పోవును. చావులలో ననేకము ఆ క్షణముననే. అందువలన పెనుగులాడునపుడు గుడ్డను దూరము చేసి, ఊపిరి సమముగా నడచునంతవరకు ఓపిక పట్టుట లారీ బోధనలో ముఖ్యము. రెప్పను తాకినను కన్ను మూయని స్థితి రాగానే మందు ఆపవలెను. నాలుక వెనుకకు పడకుండ దవుడను ముందునకు ఎత్తిపట్టవలెను. కత్తి పట్టినవారి పని యెంత యాకర్షణీయమైనను కన్నటు త్రిప్పరాదు. దీపము మంట దగ్గర నున్న యెడల క్లోరోఫారపు ఆవిరి చెడి విషవాయువగును. వెలుతురు తగిలిన సీసాలోని మందే చెడును. కనుక నల్లసీసాలలో దాచవలెను. ఇన్నియు కనిపెట్టుచు గంటలకొలది కూర్చుండవలెను. ఏమియు జరుగకపోవుటయే ఆ పనిలో జయము. చనిపోయినవారు లెక్కలోనికి వత్తురు గాని, చనిపోకుండిన వారిని లెక్కించు పద్దు ఏ పుస్తకమునను లేదు.

కంటి వైద్యమునందు మాత్రము ఈ మందునకు అప్పటికే ప్రాబల్యము తగ్గుచుండెను. శుక్లము తీసిన పిమ్మట క్లోరోఫారము వికారమునకు రోగి వాంతి చేసికొన్నచో కంటి కోత విచ్చిపోవును. 1884లో కార్ల్ కోలర్ అను వియన్నా వైద్యుడు కొకెయిను చుక్కలు వేసి కంటిని మాత్రమే మొద్దుబార్చవచ్చునని కనుగొనుటతో, కంటివైద్యులకు ఆ చిక్కు తీరెను. తక్కిన అవయవముల కోతలకు అట్టి సులువు ఇంకను దొరకలేదు. గడ్డలు, విరిగిన యెముకలు, కష్టప్రసవములు, అన్నియు క్లోరోఫారము మీదనే యాధారపడియుండెను.

రూపాబాయి రెసిడెన్సీ చికిత్సాలయమునను, అఫ్జల్‌గంజ్ చికిత్సాలయమునను, పిమ్మట విక్టోరియా జనానా చికిత్సాలయమునను మత్తువైద్యురాలుగా పని చేసెను. వీనిలో మొదటిది సుల్తానుబజారు ఆసుపత్రిగాను, రెండవది ఉస్మానియా ఆసుపత్రిగాను, మూడవది ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిగాను తరువాత ప్రసిద్ధి కెక్కినవి. ఆమె అచటనుండుట రోగిస్త్రీలకు ఏమి మేలు చేసెనో ఊహింప కష్టము కాదు. పరదాలో పెరిగిన స్త్రీకి, కోతకంటె ముందు కలుగు భయము వేరొకటి. పరపురుషుడు ముసుగు తొలగించి, ముఖము మీద గుడ్డ పట్టి, తెలివి తప్పించునను భయమది. తలాపున కూర్చున్న వైద్యురాలు ఆడది యని తెలిసినపుడు, పల్లకీ దిగి లోనికి వచ్చుటకు ఆమెకును, తీసికొనివచ్చుటకు ఆమె యింటి మగవారికిని ధైర్యము కలుగుట సహజము.

1897 ఆగస్టులో సికింద్రాబాదునందు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. అతని పేరు నల్లకుంటలో తెలియనివారుండరు. మన కోరంటి దవాఖానకు ఆతని పేరే పెట్టిరి. ఆ నాటికి రూపాబాయి, రాస్ క్రిమిని కనుగొన్న చోటికి కొద్ది మైళ్ల దూరమున ఎనిమిదేండ్లుగా పని చేయుచుండెను. రాస్‌కు 1902లో నోబెలు బహుమాన మబ్బెను. ఒక్క దినమున కనుగొనునట్టి సత్యమునకు బిరుదులు వచ్చును. ఇరువదియెనిమిది సంవత్సరములు కనిపెట్టుకొని యుండెడి పనికి జీతము మాత్రమే వచ్చును. లోకరీతి యట్టిది.

1901లో లారీ హైదరాబాదును విడిచెను. గురువు వెళ్లిపోయినను శిష్యురాలు విడువలేదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచెను. వేలాది జనులు కొట్టుకొనిపోయిరి. అఫ్జల్‌గంజ్ చికిత్సాలయపు కట్టడము కూలినది. ఆ యావరణలోని చింతచెట్టునెక్కి నూటయేబదిమంది బ్రదికిరని నేటికిని చెప్పుకొందురు. ఆ చోటనే తరువాత ఉస్మానియా ఆసుపత్రి మహాసౌధము లేచినది.

వరద వచ్చిన మరుసటి యేడు, 1909లో, రూపాబాయి ఎడింబరోకు ప్రయాణమైనది. అప్పటికి ఆమె పనిలో చేరి ఇరువది యేండ్లైనది. పేరు వచ్చినది, చేయి తిరిగినది, ఉద్యోగము స్థిరపడినది. అట్టి వయస్సున మరల పలక పట్టుట యెందులకు? మత్తువైద్యమునకు ప్రత్యేకమైన చదువు నాడు లోకమున నెచ్చటను లేదు. కనుక మందుల స్వభావమును తెలిపెడి రసాయనశాస్త్రమును, ఆవిరుల నడకను తెలిపెడి భౌతికశాస్త్రమును ఆమె చదువనెంచెను. ఏ వేడిమిలో ఎంత ద్రవము ఆవిరియగును, ఆ యావిరి గాలిలో ఎంత పాలున్న నిద్ర వచ్చును, ఎంత పాలున్న ప్రాణము పోవును, ఏ కల్మషము మందును విషము చేయును అనునవి ఆ రెండు శాస్త్రములలోనే తెలియదగినవి. చేతివాటముతో ఇరువదియేండ్లు చేసిన పనికి కారణము తెలిసికొనగోరుట ఆమె జీవితములోని విశేషములన్నిటిలో గొప్పదనవలెను. లారీవలె ఆమె సంఘముల నేర్పరుపలేదు, పత్రికలతో వాదింపలేదు. ఓడయెక్కి పోయి చదువుకొన్నది.

ఆమె వెళ్లిన ఎడింబరోకు మరియొక చరిత్ర కలదు. క్లోరోఫారమునకు పుట్టినిల్లైన ఆ నగరమే 1870లో సోఫియా జెక్స్-బ్లేక్ మొదలగు స్త్రీలు వైద్యపరీక్షకు పోవుచుండగా వీధిలో అడ్డగించి, బురద చల్లి తరిమినది. విద్యార్థినులను చేర్చుకొనియు పట్టమీయక త్రిప్పిపంపినది. స్త్రీలకు పట్టమిచ్చుట 1890ల వరకు అచ్చట సాగలేదు. హైదరాబాదు పాఠశాల రూపాబాయికి హకీము పట్టము 1889లోనే యిచ్చెనని పోల్చి చూచినపుడు, ఏ నగరము ముందు, ఏ నగరము వెనుక యను మాట అంత తేలికగా చెప్పదగినది కాదు.

ఆమె ఎడింబరో వెళ్లిన రెండేండ్లకు, 1911లో, హైదరాబాదు సంఘముల సిద్ధాంతమునకు పెద్ద దెబ్బ తగిలెను. లండనులో గుడ్‌మన్ లెవీ అను వైద్యుడు పిల్లులమీద ప్రయోగించి, మత్తు పలుచగా నున్నపుడే క్లోరోఫారము గుండెను అకస్మాత్తుగా తబ్బిబ్బు చేసి ఆపివేయగలదని నిరూపించెను. భయముతో పెనుగులాడు రోగికి ఆ యపాయము మరింత యెక్కువ. అనగా జాన్ స్నో పక్షమువారు చెప్పినదియు నిజమే. మందు మితిమీరినచో ఊపిరి ముందాగునని హైదరాబాదు చూపినదియు నిజమే. కాని అది సగము నిజము. నాలుగు వందల జంతువులను పరీక్షించియు లారీ తనకు కావలసిన చావునే చూచెను గాని, రెండవ చావును చూడలేదు.

ఇక్కడ విచారింపదగిన దొకటి యున్నది. సిద్ధాంతము సగము తప్పైనను, లారీ నేర్పిన పద్ధతి రోగులను కాపాడెను. మందును గాలితో కలిపి పలుచగా నిచ్చుట, పెనుగులాటలో తొందరపడకుండుట, రెప్పపాటైనను ఊపిరినుండి చూపు మరల్పకుండుట అనునవి ఏ పక్షము గెలిచినను మంచివే. శిష్యురాలు గురువు వాదమును గాక గురువు చేతిపనిని వంశధనముగా స్వీకరించెనని ఆమె దీర్ఘమైన యుద్యోగకాలమును చూచినవారికి తోచును. కాని నాడిని చూడనక్కరలేదన్న మాట యొకటి లారీ మతములో నుండెను. అది లోకమున ఎందరి ప్రాణములకు ముప్పు తెచ్చినదో ఎవరు చెప్పగలరు?

1917తో రూపాబాయి మత్తువైద్యపు ఉద్యోగము ముగిసెను. ఆ సంవత్సరముననే ఇంగ్లండులో బాయిల్ అను వైద్యుడు వాయువులను కొలిచి యిచ్చు యంత్రమును కూర్చెను. చుక్కల లెక్కయు, చేతి గుడ్డయు క్రమముగా మూలపడి, మరి కొన్ని దశాబ్దములకు క్లోరోఫారమే చికిత్సాలయములనుండి తొలగిపోయెను. రూపాబాయి పిమ్మట చాదర్‌ఘాట్ చికిత్సాలయమునకు సూపరింటెండెంటై, 1920లో ఉద్యోగ విరమణ చేసెను. ఒక స్త్రీ చికిత్సాలయమునకంతకును అధికారిణి యగుట ఆ దినములలో అరుదు. అప్పటికి నగరమున ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడి రెండేండ్లే యైనది.

తరువాత చిరకాలము ఆమెను తలచినవారు లేరు. రెసిడెన్సీ భవనము 1949లో ఉస్మానియా మహిళా కళాశాలకు నెలవయ్యెను. వేలకొలది ఆడపిల్లలు ఆ స్తంభముల నడుమ నడచి చదువుకొనిరి. వారిలో రూపాబాయి పేరు విన్నవారెందరో తెలియదు. 2010లో భారతదేశపు మత్తువైద్యుల పత్రికయందు ఆమెనుగూర్చి యొక వ్యాసము వెలువడి, ప్రపంచమున శాస్త్రోక్తముగా చదివిన మొదటి మత్తువైద్యురాలు ఆమెయని ప్రకటించెను. ఆమె హకీము పట్టమును పొందిన నాటినుండి అప్పటికి 121 సంవత్సరములు గడచినవి.